మీకు తెలుసా? తొట్టెలో పురుడు

రాస్ బోర్లించిన పీపా

1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో దోమ పొట్టలో మలేరియా క్రిమిని పట్టుకున్న కథ మనకు బడి పుస్తకాల నాటి నుంచీ తెలిసిందే. అంతకు పద్నాలుగేళ్ల ముందే, అంటే 1883లో, ఆయన బెంగళూరు దండులో సైనిక వైద్యుడు. బంగళా నిండా దోమలు. కిటికీ పక్కన నీళ్ల పీపాలోకి తొంగిచూస్తే దోమపిల్లలు లుకలుకలాడుతున్నాయి. పీపా బోర్లించాడు, దోమలు తగ్గాయి. దండు మొత్తం ఇలాగే చేద్దామంటే అక్కడి అధికారి ఒప్పుకోలేదట! రాస్ తన ఆత్మకథలో రాసుకున్న ముచ్చట ఇది.

పీపా అయితే బోర్లించొచ్చు. బావినీ చెరువునీ సంపునీ బోర్లించేదెలా? ఆ చిక్కు తీర్చడానికే మన దేశంలోకి రెండు బుల్లి చేపలు దిగాయి. వాటిలో ఒకటి ఇప్పుడు మీ హాల్లో, టీవీ పక్కన రంగురంగుల తోక ఊపుకుంటూ తిరుగుతూ ఉండొచ్చు.

ఉద్యోగం మీద వచ్చినవి

గప్పీ సొంత ఊరు వెనెజువెలా, ట్రినిడాడ్ వైపు వాగులు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో దోమపిల్లల్ని తింటుందని దీన్ని ఇక్కడికి తెచ్చారు. దాని దాయాది గంబూసియాది అమెరికా దక్షిణ ప్రాంతం. అది 1928లో ఇటలీ మీదుగా మన దేశానికి వచ్చింది. మలేరియా శాఖ లెక్కలో ఎదిగిన గంబూసియా రోజుకు 100 నుంచి 300 దోమపిల్లల్ని మింగుతుంది, గప్పీ 80 నుంచి 100. తిండిలో గంబూసియాదే పైచేయి. అయితే మురికినీళ్లను ఓర్చుకోవడంలో గప్పీకి సాటి లేదు.

తెలుగువాళ్లకు ఇది మరీ దగ్గరి సంగతి. హైదరాబాద్ బావుల్లో గంబూసియాను వదిలి రెండేళ్లు గమనించిన పరిశోధన 1975లోనే అచ్చయింది. 1990లలో మలేరియా పరిశోధన కేంద్రం బెంగళూరు విభాగం వాళ్లు కర్ణాటక పల్లెల్లోని బావుల్లో, కుంటల్లో ఈ రెండు చేపల్నీ వదిలి చూశారు. వాళ్లు పనిచేసిన చోట్లలో కోలారు జిల్లా ఒకటి. ఇంటా బయటా తెలుగు వినిపించే ప్రాంతమే అది. వానాకాలం వచ్చిందంటే రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇప్పటికీ చెరువుల్లో గంబూసియా వదులుతున్న ఫొటోలు పేపర్లో పడుతూనే ఉంటాయి.

గుడ్డు పెట్టదు, పిల్లనే పెడుతుంది

చేపల్లో చాలావరకు గుడ్లు వదిలి తమ దారిన తాము పోతాయి. గప్పీ, మోలీ, ప్లాటీ, స్వార్డ్‌టెయిల్, గంబూసియా ఒకే కుటుంబం. వీటిలో ఆడచేప గుడ్లను కడుపులోనే దాచుకుని, పొదిగి, ఈదగలిగే పిల్లల్ని బయటికి వదులుతుంది. మగదానికి పొట్ట కింది రెక్క సన్నని పుల్లలా మారి ఉంటుంది. ఆ పుల్లతోనే జత కడుతుంది. మూడు నాలుగు వారాల చేపల్లో మగదేదో ఆడదేదో తేల్చుకోవడానికి తోక రంగు కన్నా ఈ పుల్లే నమ్మకమైన గుర్తు.

చూలు చేపను పక్కనుంచి చూడండి. తోక మొదలుకు ముందు, పొట్ట వెనకభాగంలో ఒక నల్లమచ్చ ఉంటుంది. రోజులు దగ్గరపడేకొద్దీ ఆ మచ్చ పెద్దదై, పొట్ట గుండ్రదనం పోయి పెట్టెలా పలకలు తేలుతుంది. లేత రంగు చేపల్లో అయితే ఆ మచ్చలోంచి ఆవగింజలంత నల్లచుక్కలు జంటలు జంటలుగా కనిపిస్తాయి. అవి పిల్లల కళ్లు. పురుడొచ్చే ముందు తల్లి గుంపు నుంచి తప్పుకుని హీటర్ వెనకో, ఫిల్టర్ చాటునో మూలకు చేరుతుంది. పిల్ల బయటపడేటప్పుడు ముడుచుకుని ఉంటుంది. ఉండలా కాస్త కిందికి జారి, ఒక్క విదిలింపుతో సాగి, తిన్నగా పైకో, దగ్గర్లో ఉన్న ఆకు చాటుకో దూసుకుపోతుంది. ఆ దూకుడు లేకపోతే తల్లి నోట్లోకే పోతుంది. కన్న పిల్లను మింగడం వీటికి మామూలే. దానికి కనికరం లేదని తిట్టుకుని లాభం లేదు, నీళ్లలో కదిలే చిన్నదేదైనా దాని కంటికి మేతే.

ఒక కాన్పుకు సుమారు నాలుగు వారాలు. చిన్న తల్లికి పదో పన్నెండో, బాగా ఎదిగిన దానికి నలభై యాభై పిల్లలు. వంద దాటిన సందర్భాలూ ఉన్నాయి.

"మగచేపే లేదండీ, పిల్లలెలా పుట్టాయి?"

అక్వేరియం దుకాణాల వాళ్లు విసుగు లేకుండా జవాబు చెప్పే ప్రశ్న ఇది. ఆడ గప్పీ ఒక్కసారి జత కడితే ఆ బీజాన్ని నెలల తరబడి కడుపులో దాచుకుంటుంది. మగదాని ముఖం చూడకుండానే మళ్లీ మళ్లీ పిల్లల్ని పెడుతుంది. దుకాణంలో ఆడా మగా ఒకే తొట్టెలో ఉంటాయి కాబట్టి, మీరు కొనే ఎదిగిన ఆడచేప దాదాపుగా చూలుతోనే ఇంటికొస్తుంది. అంటే మీరు మురిపెంగా ఎంచి తెచ్చిన నీలం తోక మగదానికీ, మొదటి కాన్పు పిల్లలకూ ఏ సంబంధమూ లేకపోవచ్చు! అందుకే జాతి నిలబెట్టాలనుకునే పెంపకందార్లు ఆడపిల్లల్ని నెల తిరక్కుండానే వేరు తొట్టెలోకి మార్చేస్తారు.

ఒక మగదానికి రెండో మూడో ఆడవి ఉండాలనడానికి మాత్రం కారణం వేరు. ఒకే ఆడది ఉంటే మగది దాన్ని తిండి తిననివ్వదు, ఊపిరి పీల్చుకోనివ్వదు.

తండ్రి నుంచి కొడుక్కి

తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే సంక్రమించే లక్షణాన్ని మొదట చూపించినవాళ్లలో డెన్మార్క్ శాస్త్రవేత్త యోహానెస్ ష్మిట్ ఒకరు. ఏడాది 1920. ఆయన చూసింది మగ గప్పీ వీపు రెక్క మీది మచ్చను. ఆ తర్వాత అదే దేశపు ఓయ్‌విండ్ వింగె ఈ దారిలో చాలా దూరం వెళ్లాడు. గప్పీకి దగ్గరి చుట్టమైన ఎండ్లర్స్ చేపకు 2005లో పెట్టిన శాస్త్రీయ నామంలో వింగె పేరు ఉంది. మాస్కో బ్లూ అనీ, హాఫ్‌మూన్ అనీ, డంబో ఇయర్ అనీ ఇవాళ జత చొప్పున అమ్ముతున్న సోకుల వెనక ఉన్నవీ ఇలాంటి వంశపారంపర్య లెక్కలే. మగదాన్ని చూసి కొంటే సగం పని అయినట్టే. మిగతా సగం ఆడదాని పుట్టుపూర్వోత్తరాలు అడగడం. ఆ పని ఎవరూ చేయరు.

మోలీల్లో ఇంకో వింత. అమెజాన్ మోలీ అనే జాతిలో అన్నీ ఆడవే. దగ్గరి జాతి మగదాని బీజం తగిలితే చాలు గుడ్డు ఎదుగుతుంది, కానీ ఆ మగదాని లక్షణమేదీ పిల్లకు రాదు. తల్లికి నకలుగానే కూతురు పుడుతుంది. 1932లో ఈ సంగతి బయటపెట్టినప్పుడు, వెన్నెముక ఉన్న జీవుల్లో ఇలాంటిది అదే మొదటిది.

బోరా? కావేరా?

బెంగళూరులో తొట్టె పెట్టేవాళ్లు ముందుగా తేల్చుకోవాల్సింది చేప సంగతి కాదు, కుళాయి సంగతి. కావేరి నీళ్లు సుమారు 100 కిలోమీటర్ల దూరం నుంచి పంపుల మీద ఎక్కి వస్తాయి. అవి కాస్త మెత్తటివి, క్లోరిన్ కలిపినవి. బోరు నీళ్లు చాలాచోట్ల బాగా కఠినం. బకెట్టు అంచున తెల్లటి గార కట్టిందంటే అవే. జుట్టు ఊడుతోందని అందరూ తిట్టుకునే ఆ బోరు నీళ్లంటే గప్పీలకూ మోలీలకూ ప్రాణం. వాటికి సున్నపు లవణాలున్న నీళ్లే పడతాయి. మోలీ జాతి చేపలు సముద్ర తీరాన ఉప్పుటేరుల్లో కూడా బతుకుతాయి. మెత్తని నీళ్లలో పెడితే రెక్కలు ముడుచుకుని, ఉన్నచోటే ఊగుతూ నీరసిస్తాయి.

ఇక్కడే అపార్ట్‌మెంట్ల వాళ్లకు ఒక మెలిక ఉంది. మా కాంప్లెక్సులో బోరే కదా అనుకుంటారు. కింద సాఫ్టెనర్ ఉంటే అది కాల్షియాన్నీ మెగ్నీషియాన్నీ లాగేసి బదులుగా సోడియం వదులుతుంది. గార పోతుంది, దాంతో పాటే చేపకు కావాల్సినదీ పోతుంది. ఫిల్టర్‌లో ఒక చిన్న సంచిలో గవ్వ ముక్కలో, కోరల్ ముక్కలో వేస్తే కాల్షియం లోటు కొంత తీరుతుంది. కావేరి నీళ్లయితే మూత లేని బకెట్టులో ఒక రోజు నిలవ ఉంచండి. అంత ఓపిక లేకపోతే దుకాణంలో అమ్మే క్లోరిన్ మందు నాలుగు చుక్కలు వేయండి.

ట్యాంకర్ నీళ్ల మీద బతికే పేటల్లో ప్రతి లోడూ ఒక్కో తీరు. ఎక్కడి బోరు నీళ్లో ఎవరికి తెలుసు! కాబట్టి ఒకేసారి సగం తొట్టె మార్చొద్దు. వారానికి ఐదో వంతు చాలు. 2024 వేసవిలో నగరమంతా నీటికి అల్లాడినప్పుడు చాలామందికి తెలిసొచ్చిన సంగతొకటి: తొట్టెలోంచి తీసిన పాత నీళ్లు కరివేపాకు కుండీకి మంచి ఎరువు.

కొత్త తొట్టెలో నీళ్లు తళతళలాడుతున్నాయని అదే రోజు పాతిక చేపలు వదలడం మాత్రం తగదు. చేపల మలం నుంచి పుట్టే అమోనియాను విరగ్గొట్టే సూక్ష్మజీవులు ఫిల్టర్‌లో స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తెలిసినవాళ్ల తొట్టెలోంచి పాత స్పాంజ్ ఒకటి అడిగి తెచ్చుకుంటే ఆ గడువు బాగా తగ్గుతుంది.

డిసెంబరు చలి

సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు కదా బెంగళూరు, డిసెంబరు, జనవరి రాత్రుల్లో చలి 15 డిగ్రీల దాకా దిగుతుంది. విజయవాడలో ఏడాది పొడవునా హీటర్ ఊసే లేకుండా గప్పీ పెంచినవాళ్లు బెంగళూరు వచ్చి బోల్తా పడేది ఇక్కడే. నీళ్లు చల్లబడగానే ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్లమచ్చలు లేస్తాయి. 24, 25 డిగ్రీల దగ్గర నిలిపే చిన్న హీటర్ చాలు. అది వద్దనుకుంటే ప్లాటీలు తెచ్చుకోండి. మెక్సికో వైపు నుంచి వచ్చిన ఈ చేపలు గప్పీ కన్నా చలిని బాగా తట్టుకుంటాయి.

పిల్లల్ని దక్కించుకోవాలంటే

దుకాణంలో బ్రీడింగ్ బాక్స్ అంటగడతారు. ఇరుకు డబ్బాలో పెడితే తల్లి బెదిరిపోతుంది, ఒక్కోసారి నెలలు నిండకుండానే పిల్లల్ని వదిలేస్తుంది. నన్నడిగితే అంతరతామర, జావా మాస్, హైడ్రిల్లా లాంటి మొక్కలు దట్టంగా వేయడమే మేలు. వేళ్ల సందుల్లో దూరినవి దూరతాయి, తల్లికి చిక్కినవి చిక్కుతాయి. మేతకు ఆర్టీమియా అనే బుల్లి ఉప్పునీటి రొయ్యల పిల్లలు శ్రేష్ఠం. కుదరకపోతే మామూలు మేతనే వేళ్లతో పిండిలా నలిపి రోజుకు మూడు నాలుగుసార్లు చిటికెడు. ఉడికిన గుడ్డు పచ్చసొన కూడా పనికొస్తుంది గానీ, సూదిమొన మీద నిలిచేంత వేయాలి. కాస్త మించిందా, తెల్లారేసరికి నీళ్లు కంపు.

వలస చేపల దారి

బెంగళూరు శివాజీనగర్ రసెల్ మార్కెట్ చుట్టుపక్కల దుకాణాల్లో కనిపించే రంగు చేపల్లో చాలావాటికి చెన్నైలోని కొళత్తూరే పుట్టిల్లు. అక్కడ వీధులకు వీధులు, మిద్దెల మీదా పెరళ్లలోనూ సిమెంటు తొట్లు కట్టి ఇదే జీవనంగా పెట్టుకున్నాయి. చేపలు అక్కడి నుంచి ఆక్సిజన్ నింపిన కవర్లలో రాత్రికి రాత్రి ప్రయాణం చేస్తాయి. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పెరటి అలంకార చేపల యూనిట్‌కు 3 లక్షల రూపాయల ఖర్చు లెక్కగట్టి, అందులో 40 శాతం, మహిళలకూ ఎస్సీ, ఎస్టీలకూ 60 శాతం రాయితీ పెట్టారు.

రంగు ఎందుకు?

జాన్ ఎండ్లర్ అనే శాస్త్రవేత్త ట్రినిడాడ్ వాగుల్లో ఒక సంగతి చూశాడు. గప్పీల్ని తినే పెద్ద చేపలు ఉన్నచోట మగ గప్పీలు వెలిసిపోయినట్టు ఉంటాయి. అవి లేని చోట మచ్చలు, మెరుపులు. గాజు గదిలో కృత్రిమ కుంటలు కట్టి, కొన్నింట్లో వేటచేపల్ని వదిలి, కొన్నింట్లో వదలకుండా చూస్తే రెండేళ్లలోపే అదే తేడా తేలింది. 1980లో అచ్చయిన ఈ పరిశోధనను జీవపరిణామ పాఠాల్లో ఇప్పటికీ చెబుతున్నారు. మీ తొట్టెలో వేటచేప లేదు. అందుకే ఈతను మందగింపజేసే పెద్ద తోకలకూ అక్కడ ప్రాణభయం ఉండదు.

చెరువులో మాత్రం వద్దు

నెలకో కాన్పు, రెండు నెలలకే ఈడొచ్చే మగపిల్లలు. ఏడాది తిరిగేసరికి తొట్టె చాలదు. అప్పుడు చాలామంది చేసే పని, ఆదివారం పొద్దున్నే కవర్లో పట్టుకెళ్లి దగ్గర్లో ఉన్న చెరువులో వదలడం. పుణ్యమనుకుంటారు కూడా. గప్పీ మురుగు కాల్వలోనూ బతుకుతుంది. గాలి చాలకపోతే నీటి పైపొరకు మూతి ఆనించి ప్రాణం నిలుపుకుంటుంది. చావదు, పెరుగుతుంది. మన చెరువుల్లో తరతరాలుగా దోమపిల్లల్ని తింటున్న దేశవాళీ బుల్లి చేపల గుడ్లకూ పిల్లలకూ గండం అక్కడ మొదలవుతుంది. గంబూసియా ఇంకా మొండిది. తోటి చేపల రెక్కలు కొరుకుతుంది, తోకకప్పల్నీ వదలదు. ప్రపంచంలో వంద మహా చెడ్డ చొరబాటు జీవుల జాబితాలో దాని పేరు ఎక్కింది. ఉద్యోగమిచ్చి పిలిపించుకున్నది మనమే అనుకోండి.

పిల్లలు వద్దనుకుంటే మగవాటిని మాత్రమే పెంచుకోవడం అన్నిటికన్నా సులువు. రంగులన్నీ వాటివే కాబట్టి తొట్టె అందానికేమీ లోటు రాదు. ఆడవి ఇప్పటికే ఉంటే, వేరుచేశాక కూడా కొన్ని నెలలు కాన్పులు తప్పవు. మిగిలిన వాటిని దుకాణదారు తీసుకుంటాడు. తోక బాగుంటే బదులుగా ఒక మేత ప్యాకెట్టో, నాలుగు మొక్కలో ఇస్తాడు. నాసిరకమైతే విడి తొట్టెలో పోస్తాడు. అరోవానా, ఆస్కార్ లాంటి వేటచేపల్ని పెంచేవాళ్లు ఆ తొట్టెలోంచే లెక్కపెట్టకుండా కవర్ల కొద్దీ కొనుక్కెళ్తారు. ఆ బేరంలో వాటిని గప్పీ అని కూడా అనరు, ఫీడర్ అంటారు.