కృత్రిమమేధ కోడింగ్ సహాయకాలకు ప్లగిన్ల కూర్పు: ఛందోగణన దృష్ట్యా పరిశీలన

వ్యాససంగ్రహం:
ప్రోగ్రాములు రాసిపెట్టే కృత్రిమమేధ సహాయకాలకు ఒక రంగానికి చెందిన నియమాలను పదేపదే వాడుకునేలా కూర్చిపెట్టే విధానాన్ని, తెలుగు పద్యాల గణవిభజన ఉదాహరణగా ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: కృత్రిమమేధ, ప్లగిన్, స్కిల్, యూనికోడ్, ఛందస్సు.

1. ఉపోద్ఘాతం:
ఒక సంభాషణలో సహాయకానికి చెప్పిన నియమాలు సాధారణంగా మరో సంభాషణకు అందవు. ఒక పరిశోధకుడు చెప్పినవి మరొక పరిశోధకుడికి అసలే అందవు. ఈ లోటును తీర్చడానికి ఆంత్రోపిక్ సంస్థ తన క్లాడ్ కోడ్‌లో 2025 అక్టోబరులో ప్లగిన్లను, స్కిల్స్‌ను ప్రవేశపెట్టింది.

2. ప్లగిన్ నిర్మాణం:
ప్లగిన్ అంటే నిర్ణీత అమరిక గల ఒక ఫోల్డర్. దాని పేరు, వివరణ, వెర్షన్ సంఖ్య ఒక చిన్న ఫైలులో ఉంటాయి. మిగిలిన అంగాలలో ముఖ్యమైనవి:
• ఆదేశాలు: వాడుకరి పేరు పెట్టి పిలిచినప్పుడు పనిచేసేవి.
• స్కిల్స్: సందర్భాన్నిబట్టి సహాయకమే ఎంచుకొని చదివే సూచనలు.
• హుక్స్: నిర్దేశించిన ఘట్టంలో తమంత తామే నడిచేవి.

వీటిలో స్కిల్ ప్రత్యేకంగా గమనింపదగినది. మొదట దాని పేరు, వివరణ మాత్రమే సహాయకం దృష్టిలో ఉంటాయి. అవసరమైనప్పుడే పూర్తి పాఠాన్ని, ఆపైన అనుబంధ ఫైళ్లను చదువుతుంది. కనుక వివరణ అస్పష్టంగా ఉంటే ఎంత చక్కని సూచనలైనా తెరవని పుస్తకంతో సమానం.

3. ఛందోగణనకు అన్వయం:
‘స్త్రీ’ ఛందస్సులో ఒకే అక్షరం. యూనికోడ్‌లో అది స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం అనే ఆరు సంకేతాల వరుస. ఈ భేదాన్ని పట్టించుకోని ప్రోగ్రాము ఉత్పలమాల పాదంలో ఇరవై అక్షరాలను సరిగా లెక్కించలేదు. అక్షరవిభజన యాంత్రికమైన పని కాబట్టి దానిని స్కిల్‌తోపాటు ఒక చిన్న ప్రోగ్రాముగా జతచేయడం మేలు.

గురులఘు నిర్ణయం అంత సులభం కాదు. సంయుక్తాక్షరానికి ముందున్న లఘువు గురువవుతుంది. అయితే ఆ సంయుక్తం వేరొక పదం మొదట ఉంటే, సమాసం కాని చోట ఈ నియమం సాధారణంగా వర్తించదు. ‘అద్రుచు’ వంటి మాటల్లో రేఫసంయుక్తం తేలికగా పలికినప్పుడు ముందక్షరం లఘువుగానే నిలుస్తుంది. ఇటువంటి వివేచనను మాటల్లో స్పష్టంగా రాయవలసినవాడు ఛందస్సు తెలిసిన పరిశోధకుడే. గణవిభజన ముందే తేలిన పద్యాలను పరీక్ష కోసం చేర్చితే ఫలితాలను సరిచూడవచ్చు.

4. పంపిణీ, భద్రత:
ప్లగిన్ల జాబితా గల ఫైలును ‘మార్కెట్‌ప్లేస్’ అంటారు. దానిని జతచేసుకున్నవారు కోరిన ప్లగిన్‌ను స్థాపించుకోవచ్చు. నియమాలు మారిన ప్రతిసారీ వెర్షన్ సంఖ్య మార్చాలి. ఏ వెర్షన్‌తో లెక్కించారో సిద్ధాంతగ్రంథంలో పేర్కొంటే, ఆ గణాంకాలు ఏ నియమాలమీద ఆధారపడ్డాయో ఇతరులు పరిశీలించగలుగుతారు. హుక్స్ వాడుకరి కంప్యూటరులో అతని అధికారాలతోనే నడుస్తాయి. అందుచేత ఇతరుల ప్లగిన్‌ను చదివి చూడకుండా స్థాపించుకోరాదు.

5. ముగింపు:
• ప్లగిన్ ఒక పరిశోధకుని నియమాలను ఇతరులు వాడుకోగల, పరీక్షించగల రూపంలోకి తెస్తుంది.
• యాంత్రికమైన పనిని ప్రోగ్రాముకు, వివేచనను లిఖిత సూచనలకు అప్పగించడం ఉచితం.
• సూచనలలోని లక్షణజ్ఞానం లోపిస్తే, ఆ లోపం ప్లగిన్‌ను వాడిన ప్రతి పరిశోధనలోనూ పునరావృతమవుతుంది. కనుక పంపిణీకి ముందు విషయనిపుణుల పరిశీలన తప్పనిసరి.