మీకు తెలుసా? దబ్బనం కుట్టిన ఆట

ఆర్మూరు పల్లెల్లో పసుపు ఉడికి, ఎండి, సంచులకెక్కే రోజుల్లో దబ్బనానికి తీరిక ఉండదు. కన్నంలో సుతిలి దూర్చి బస్తా మూతిని నాలుగు కుట్లలో బిగించేస్తారు. అదే దబ్బనంతో ఇంగ్లండు పల్లెటూరి ఆటకు బట్టలు కూడా కుట్టుకోవచ్చని మీకు తెలుసా? ఆ ఆట పేరు మోరిస్. ఆడేవాళ్లు మోకాలి కింద తోలుపట్టీ కట్టుకుంటారు. పట్టీ నిండా గజ్జెలు. మామూలు సూదితో ఆ తోలు కుట్టబోతే సూది విరుగుతుంది, వేలు తెగుతుంది.

తెల్ల చొక్కా, ఛాతీ మీద జంధ్యంలా ఏటవాలుగా వేసుకునే రంగు పట్టీలు, పూలు కుట్టిన టోపీ, రెండు చేతుల్లో రుమాళ్లు: మోరిస్ వేషం స్థూలంగా ఇంతే. కొన్ని ఆటల్లో రుమాళ్ల బదులు కర్రలుంటాయి. ఎదురెదురుగా నిలబడి కర్రకు కర్ర తాకించే ఆ వరస చూస్తే కోలాటం ఆడినవాళ్ల కాళ్లు ఊరుకోవు. నిజామాబాద్, కరీంనగర్ జిల్లాల్లో చిరుతల రామాయణం చూసినవాళ్లకైతే ఇంకా దగ్గరగా అనిపిస్తుంది. చేతిలో చిరుతలు, కాలికి గజ్జెలు, చుట్టూ ఊరి జనం.

ఈ ఆట ఎంత పాతది? 1448లో లండన్ కంసాలుల సంఘం మోరిస్ ఆటగాళ్లకు 7 షిల్లింగులు ముట్టజెప్పింది. ఇంగ్లండులో ఈ ఆటకు దొరికిన తొలి ఆధారం ఆ పద్దు.

1600లో విల్ కెంప్ అనే నటుడు కాళ్లకు గజ్జెలు కట్టుకుని లండన్ నుంచి నార్విచ్ దాకా మోరిస్ ఆడుకుంటూ పోయాడు. షేక్‌స్పియర్ నాటకాల్లో హాస్యపాత్రలు వేసిన కెంపే ఇతను. ఆడింది తొమ్మిది రోజులు. నడుమ నడుమ రోజుల తరబడి విశ్రాంతి తీసుకున్నాడు, అది వేరే సంగతి. దూరం ఎంతంటారా? ఇంచుమించు ఆర్మూరు నుంచి హైదరాబాదంత.

మోరిస్‌లో ఒక రకానికి బట్ట కొనే పనే లేదు. ఇంగ్లండు, వేల్స్ సరిహద్దు ఊళ్లలో ఆడే ఆటకు పాత చొక్కా మీదో కోటు మీదో గుడ్డపేలికలు కుట్టుకుంటారు. మన ఇళ్లలో పాత చీరలతో బొంత కుట్టే అవ్వలకు ఈ పని చూపిస్తే పావుగంటలో పట్టేస్తారు. కానీ బొంతకూ దీనికీ ఒక తేడా ఉంది. బొంతలో ప్రతి ముక్కనూ అన్ని వైపులా అణిచి కుడతాం. పేలికల కోటులో ఒక్క పైకొసనే కుట్టి మిగతాది వేలాడనివ్వాలి. అప్పుడే గిర్రున తిరిగినప్పుడు పేలికలన్నీ లేచి ఆడతాయి. కుట్టడం కింది వరస నుంచి మొదలుపెట్టాలి. పై వరస పేలికలు కింది వరస కుట్టును కప్పుకుంటూ వస్తాయి. పెంకుటిల్లు కప్పేవాళ్లు చూరు నుంచి పైకి పెంకులు పేర్చుకుంటూ పోరూ, అలాగన్నమాట. పై నుంచి మొదలుపెడితే మాత్రం ప్రతి వరసకూ అంతకుముందు కుట్టిన పేలికలు చేతికి అడ్డుపడుతూనే ఉంటాయి.

పందొమ్మిదో శతాబ్దం చివరికి మోరిస్ చాలా ఊళ్లలో మూలపడింది. దాన్ని మళ్లీ దేశమంతా నడిపించింది ఎవరో తెలుసా? లండన్‌లో బట్టలు కుట్టి పొట్టపోసుకునే ఆడపిల్లలు. ఈ కథ ఒక మేస్త్రీతో మొదలవుతుంది. 1899 డిసెంబరు 26న ఆక్స్‌ఫర్డ్ పక్కన హెడింగ్టన్‌లో, చలికాలం పని దొరక్క, నాలుగు డబ్బులు వస్తాయేమోనని కొందరు కూలీలు అదను కాని అదనులో మోరిస్ ఆడారు. వాళ్లలో విలియం కింబర్ ఇటుకల పని చేసేవాడు. కాన్సర్టీనా అనే వాద్యం వాయించింది అతనే. సెసిల్ షార్ప్ అనే సంగీత పండితుడు అక్కడ చుట్టపుచూపుగా ఉండి ఆ ఆట చూశాడు. మర్నాడే కింబర్‌ను పిలిపించి బాణీలు రాసుకున్నాడు. షార్ప్ పేరు చరిత్రలో నిలిచింది. ఆట మాత్రం కాగితం మీదే ఉంది.

దాన్ని కాళ్లలోకి దించింది మేరీ నీల్. 1895లో ఎమెలీన్ పెథిక్‌తో కలిసి లండన్‌లో ఎస్పెరాన్స్ క్లబ్ పెట్టింది ఆవిడే. క్లబ్బుకు వచ్చేవాళ్లలో పొద్దస్తమానం సూది వదలని కుట్టుపని అమ్మాయిలే ఎక్కువ. 1905లో ఆవిడ హెడింగ్టన్ ఆటగాళ్లనే లండన్‌కు రప్పించి ఈ అమ్మాయిలకు మోరిస్ నేర్పించింది. తర్వాత ఆ అమ్మాయిలే ఊరూరా తిరిగి ఇతరులకు నేర్పారు. మగవాళ్ల ఆటకు ఆడపిల్లలు గురువులయ్యారు. ఆట ఎలా ఉండాలన్న దాని మీద షార్ప్‌కూ నీల్‌కూ తర్వాత చెడింది. షార్ప్‌కు అడుగులు తప్పుల్లేకుండా పడాలి, నీల్‌కు ఆడేవాళ్ల హుషారు కావాలి. నా ఓటు నీల్‌కే.

ఇక మన వైపు చూస్తే, ఆటబట్టను ఇంట్లోనే కుట్టుకునే విద్యలో లంబాడీ అవ్వలను మించినవాళ్లు లేరు. పేటియా, కాంచళి, టుక్రి: లంగా, రవికె, తలమీది ఓణీ. కాకపోతే వాళ్లకు ఇది ఆటకోసం పెట్టెలోంచి తీసే వేషం కాదు, రోజూ కట్టే బట్టే. తీజ్ పండుగకు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచి, తొమ్మిది రోజులు చుట్టూ తిరిగి ఆడే పిల్లలకు అదే నిండుగా సరిపోతుంది.

ఆ బట్ట మీది అద్దాన్ని ఎప్పుడైనా దగ్గరగా చూశారా? అద్దానికి రంధ్రం ఉండదు, జిగురుతో అంటించరు. ముందు అద్దం మీదుగా దారాన్ని నిలువుగా, అడ్డంగా లాగి చట్రం బిగిస్తారు. ఆ చట్రాన్ని పట్టుకుని అంచు చుట్టూ కుట్టు తిప్పుతూ పోతే, దారాలు పక్కకు జరిగి నడుమ అద్దం బయటపడుతుంది. గవ్వదీ ఇలాంటి ఉపాయమే. ఉబ్బుగా ఉండే వీపు అరగదీస్తే లోపల బోలు. అక్కడ సూది దూరుతుంది, గవ్వ నోరు పైకి కనిపిస్తుంది. పాత నాణేలకు మాత్రం కొక్కెం అతికించాల్సిందే. ఇవన్నీ కలిసి అడుగు వేసినప్పుడల్లా గలగలమంటాయి. మోరిస్ ఆటగాడు గజ్జెలు కాలికే కట్టుకుంటాడు, లంబాడీ అవ్వ బట్ట ఒళ్లంతా మోగుతుంది.

బళ్లారి జిల్లా సండూరు లంబాణీల (అక్కడ లంబాడీలను అలా అంటారు) కుట్టుపనికి 2010లో భౌగోళిక గుర్తింపు దక్కింది. 2023 జులైలో హంపిలో 450 మందికి పైగా మహిళలు కుట్టిన 1,755 ముక్కలను ఒకచోట ప్రదర్శించి గిన్నిస్ రికార్డు కొట్టారు.

బట్ట కాకుండా కర్ర తొడుక్కునే ఆట కూడా మన నిజామాబాద్ జిల్లాలోనే ఉంది. చిందు యక్షగానం కిరీటాలూ, భుజకీర్తులూ తేలికైన పొణికి కర్రతో చేస్తారు. ఆర్మూరు నుంచి గోదావరి దాటితే వచ్చే నిర్మల్‌లో బొమ్మలు చెక్కేదీ ఆ కర్రతోనే. రాత్రంతా తలమీద మోయాలి కదా, బరువు కర్ర అయితే మెడ నిలవదు. 2005లో కన్నుమూసిన చిందు యక్షగాన కళాకారిణి చిందుల ఎల్లమ్మది బోధన్ పక్కన అమ్దాపూర్.

ఇంకాస్త ఉత్తరాన, గోండుల గుస్సాడీ ఆటకు నెమలీకల తలపాగా. మర్లవాయికి చెందిన గుస్సాడీ గురువు కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయనా వెళ్లిపోయారు.

చివరగా, ఆటబట్టకు ఇంటి పసుపుతోనే రంగు వేద్దామనుకునే ఆర్మూరు వాళ్లకు ఒక మాట. నూలు బట్టకు పసుపు పటిక అక్కర్లేకుండానే ఎక్కుతుంది. కానీ సబ్బు తగిలితే ఎర్రబడుతుంది. పసుపులో సున్నం కలిస్తే ఎర్రబడేది ఎందుకో, ఇదీ అందుకే: క్షారం. కంగారుపడకండి, కాస్త నిమ్మరసం కలిపిన నీళ్లలో ముంచితే మళ్లీ పచ్చబడుతుంది. అసలు శత్రువు ఎండ. బట్టను నీడనే ఆరేయండి. అయినా ఆట ఆడేది ఎండలోనే కాబట్టి, ఏడాదికోసారి రంగు మళ్లీ వేసుకోక తప్పదు. పసుపుకు మాత్రం మనకేం కొదవ లేదు.