బొమ్మ ఉంది, వెలుగు లేదు

కంప్యూటర్ తెర మసకబారితే నెల్లూరు తీరాన మైపాడు, కొత్తకోడూరు, ఇస్కపల్లి వైపు ఇళ్లలో ముందుగా వినబడే మాట ‘లో ఓల్టేజి’. సాయంత్రం రొయ్యల గుంటల మీద ఏరేటర్లు తిరగడం మొదలెట్టగానే బల్బులు ఎర్రబడే ఊళ్లలో ఆ అనుమానం రావడంలో తప్పు లేదు. కానీ ఈ నేరం ఓల్టేజిది కాదు. మానిటర్ వెనక, లేదా దాని అడాప్టర్ మీద ఉన్న స్టిక్కరు చూడండి. దాదాపు అన్నిటి మీదా 100-240 ఓల్టులు అని రాసి ఉంటుంది. ఆ రెండు అంకెల మధ్య కరెంటు ఎంత వచ్చినా లోపలి పవర్ సప్లై తనకు కావలసినట్టు మార్చుకుంటుంది. 230 రావలసిన చోట 170 వస్తే ఫ్యాను నీరసంగా తిరుగుతుంది గానీ తెర వెలుగు తగ్గదు. ఓల్టేజి మరీ పడిపోతే మానిటర్ ఆరిపోతుంది, అంతే. స్టెబిలైజర్ కొనడానికి బయల్దేరే ముందు అసలు సంగతి చూద్దాం.

ఎల్‌సీడీ తెరకు సొంత వెలుగు లేదు. తోలుబొమ్మలాటలో తెర వెనక దీపం ఉన్నట్టు, ఇక్కడ కూడా వెనక ఒక దీపం వెలుగుతూ ఉంటుంది. ముందున్న ప్యానెల్ ఆ వెలుగును చుక్క చుక్కకూ ఆపుతూ, వదులుతూ బొమ్మ కట్టి చూపిస్తుంది. ఆ దీపాన్నే బ్యాక్‌లైట్ అంటారు. సుమారు 2010 దాకా వచ్చిన మానిటర్లలో అది సన్నటి ట్యూబులైటు. ఆ తర్వాత వచ్చినవాటిలో ఎల్‌ఈడీల పట్టీ. మసకబారడమంటే చాలాసార్లు బ్యాక్‌లైట్‌కో, దానికి కరెంటు అందించే బోర్డుకో జబ్బు చేసిందనే అర్థం. ప్యానెల్ మాత్రం నిక్షేపంగా ఉండవచ్చు. ‘ప్యానెల్ పోయింది, కొత్తది కొనుక్కోండి’ అని ఎవరైనా అంటే వెంటనే తలూపకూడదనడానికి కారణం ఇదే.

అయితే జబ్బు ఉందో లేదో ముందు తేల్చుకోవాలి. సముద్రం వైపు తెరిచిన తలుపులోంచి మధ్యాహ్నపు వెలుతురు పడే గదిలో ఎంత మంచి మానిటరైనా వెలవెలబోతుంది. తలుపూ కిటికీలూ మూసి చూడండి. తర్వాత మానిటర్ అంచున ఉండే బటన్లు నొక్కి మెనూ తెరవండి. ఎకో మోడ్, పవర్ సేవింగ్, డైనమిక్ కాంట్రాస్ట్ లాంటివి ఆన్‌లో ఉంటే ఆపేయండి. బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచి చూడండి. విండోస్‌లో హెచ్‌డీఆర్ ఆన్ అయి ఉంటే మామూలు ధర మానిటర్ల మీద డెస్క్‌టాప్ అంతా పాలిపోతుంది. పిల్లలు గేమ్ కోసం పెట్టి మరచిపోయే సెట్టింగు అది.

తప్పు కంప్యూటర్‌దా, మానిటర్‌దా? ఇది తెలుసుకోవడానికి మెకానిక్ అక్కర్లేదు. మానిటర్ సొంత మెనూనే సాక్షి. కంప్యూటర్ నుంచి వచ్చే కేబుల్ పీకేసి చూడండి. ‘నో సిగ్నల్’ అన్న అక్షరాలు కాంతివంతంగా ఉంటే మానిటర్ బాగానే ఉంది, కంప్యూటర్ వైపు వెతకాలి. ఆ అక్షరాలూ మసకగానే ఉంటే మానిటర్‌దే తప్పు. హెచ్‌డీఎంఐ కేబుల్ పాడైతే బొమ్మ తెగుతుంది, మెరుస్తుంది, మాయమవుతుంది కానీ మసకబారదు. నీలం ప్లగ్గు ఉండే పాత వీజీఏ కేబుల్ అలా కాదు. దాని పిన్నులకు చిలుము పడితే రంగులే మారిపోతాయి. ఎరుపు అందకపోతే తెరంతా నీలి ఆకుపచ్చగా, నీలం అందకపోతే పసుపుగా కనబడుతుంది. తీరం ఊళ్లలో ఇది అరుదేమీ కాదు. ప్లగ్గు ఊడదీసి పిన్నులు ఒకసారి చూస్తే చాలు.

తెర పూర్తిగా నల్లబడి, పవర్ దీపం మాత్రం వెలుగుతుంటే సెల్‌ఫోన్ టార్చి తీయండి. కంప్యూటర్ ఆన్‌లో ఉంచి, గది చీకటి చేసి, టార్చిని తెరకు దగ్గరగా ఏటవాలుగా పట్టి వేయండి. ఐకాన్లో, అక్షరాలో లీలగా కనబడితే బొమ్మ ఉన్నట్టే, పోయింది వెనక వెలుగు. ఏమీ కనబడకపోతే సిగ్నలు, మెయిన్ బోర్డు, ప్యానెల్ వీటిలో ఎక్కడైనా తేడా ఉండవచ్చు. డబ్బు ఖర్చు లేని పరీక్షల్లో దీన్ని మించింది లేదు.

వెలుగు పోయే తీరు కూడా కొంత చెబుతుంది. ఆన్ చేయగానే ఒకటి రెండు సెకన్లు వెలిగి ఆరిపోతే, బ్యాక్‌లైట్ సర్క్యూట్ తేడా పసిగట్టి తనను తాను ఆపుకుంటోందని అర్థం. పాత ట్యూబు మానిటరైతే మొదట ఎర్రగా వెలిగి, కాసేపటికి గాని తెల్లబడదు. అది ముసలితనం. ఎల్‌ఈడీలు ఒక దాని వెంట ఒకటిగా వరసలో ఉంటాయి, అందులో ఒకటి తెగితే ఆ వరసంతా ఆరిపోయి తెరలో కొంత భాగం నీడ పడ్డట్టు ఉంటుంది. నిలువు గీతలు వస్తే మాత్రం అది నిజంగానే ప్యానెల్ జబ్బు, దానిమీద డబ్బు పెట్టకపోవడమే మంచిది. ఏ జబ్బూ లేకుండా వయసు మీదపడి తగ్గే వెలుగూ ఉంది. ఎల్‌ఈడీల ఆయుష్షును సాధారణంగా వెలుగు 70 శాతానికి పడిపోయే గంటలతో లెక్కిస్తారు. 30,000 గంటలనుకుంటే రోజుకు 8 గంటల చొప్పున పదేళ్లు. ఈ తగ్గుదల ఎంత నెమ్మదిగా జరుగుతుందంటే, పక్కన కొత్త మానిటర్ పెడితే గాని కంటికి తెలియదు.

ఇక తీరానికే ప్రత్యేకమైన గొడవ ఉప్పు గాలి. అలలు విరిగినప్పుడు నురగలోని బుడగలు పగిలి సన్నటి తుంపరలు గాల్లోకి లేస్తాయి. నీరు ఆరిపోతుంది, ఉప్పు మిగులుతుంది. అందులో చాలా భాగం ఒడ్డుకు దగ్గర్లోనే వాలిపోతుంది కాబట్టి, ఇరవై పైచిలుకు కిలోమీటర్ల లోపల ఉన్న నెల్లూరులో మానిటర్ బతికే బతుకు వేరు, మైపాడులో అలల చప్పుడు వినబడే ఇంట్లో బతుకు వేరు. పొడిగా ఉన్నంతసేపూ ఆ ఉప్పు పెద్దగా హాని చేయదు. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు నీరు పీల్చుకుని తడి పొరగా మారుతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది, దానికి అంత తేమ కూడా అక్కర్లేదు. తీరంలో రాత్రిళ్లు, తెల్లవారుజామున ఆ 75 దాటడం మామూలే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల కాలంలో, పగలూ అంతే. ఆ ఉప్పు తడిలోంచి కరెంటు పారుతుంది. సర్క్యూట్ బోర్డు మీద రెండు రాగి గీతల మధ్య ఆ పొర పడిందంటే కరెంటు దారి తప్పడం ఒకటి, రాగిని చిలుము తినేయడం మరొకటి. వానాకాలంలో పొద్దున్నే మొరాయించి, గంట తర్వాత దానంతటదే కుదురుకునే మానిటర్ ఉంటే ఇదే మొదటి అనుమానం.

ఏసీ గదుల్లో ఇంకో తిప్పలు. చల్లబడిన గదిలో ఏసీ ఆపి, కిటికీలు తీస్తే బయటి ఉక్క గాలి చల్లటి వస్తువుల మీద చెమ్మగా చేరుతుంది. ఆ సమయంలో మానిటర్ ఆన్ చేయకుండా కాసేపు ఆగాలి. తెర మీద పేరుకున్న ఉప్పు పొరను తుడవడానికి బోరు నీళ్లు వాడకండి. మన తీరంలో చాలా చోట్ల ఆ నీళ్లే ఉప్పగా ఉంటాయి, ఆరితే తెల్లటి మరకలు మిగులుస్తాయి. మెత్తటి గుడ్డను క్యాను నీళ్లతో కాస్త తడిపి, బాగా పిండి, స్విచ్ ఆపిన తెరను తుడిస్తే సరి. అద్దాలు తుడిచే మందు కొట్టొద్దు, తెర పైపూత చెడుతుంది.

ఉప్పు తర్వాత వేడి. పవర్ బోర్డు మీద చిన్న డబ్బాల్లా ఉండే కెపాసిటర్ల లోపల ద్రవం ఉంటుంది. ప్రతి 10 డిగ్రీల వేడికీ వాటి ఆయుష్షు సగమవుతుందని ఎలక్ట్రానిక్స్‌లో ఒక కొండగుర్తు. 105 డిగ్రీల దగ్గర 2,000 గంటలు పనిచేసేది 65 దగ్గర 32,000 గంటలు వస్తుంది, 75 అయితే 16,000 గంటలే. మే నెలలో నలభై దాటే ఎండల్లో, మానిటర్ వెనక గాలి రంధ్రాలు దుమ్ముతో పూడుకుపోతే ఆ పది డిగ్రీలు ఎక్కడికీ పోవు. 2000 తర్వాత కొన్నేళ్లపాటు నాసిరకం ద్రవంతో తయారైన కెపాసిటర్లు ప్రపంచమంతటా ఉబ్బి పగిలాయి. ఆ కాలపు మానిటర్ ఇంకా మీ ఇంట్లో ఉంటే, ఆన్ కావడానికి పదిసార్లు తంటాలు పెడుతుంటే కారణం బహుశా ఇదే. కొత్త కెపాసిటర్లు పదుల రూపాయల్లో దొరుకుతాయి.

అలాగని మూత మీరే విప్పొద్దు. ప్లగ్గు పీకిన తర్వాత కూడా పెద్ద కెపాసిటర్‌లో దాదాపు 325 ఓల్టులు కొంతసేపు నిలిచి ఉంటాయి. పాత ట్యూబు మానిటర్ లోపలి ఇన్వర్టర్ బోర్డు ట్యూబును వెలిగించడానికి వెయ్యి ఓల్టులు దాటిస్తుంది. ఇంట్లో మీరు నిశ్చింతగా చేయగలిగింది బయట ఉండే అడాప్టర్ సంగతి చూడటం. దాని పిన్నుకు చిలుము పట్టిందేమో చూడండి, పొడిగా తుడవండి. మార్చాల్సి వస్తే మాత్రం 12 ఓల్టులదానికి 12, 19 దానికి 19. ఆంపియర్లు పాతదానికన్నా ఎక్కువున్నా ఫర్వాలేదు, తక్కువ ఉండకూడదు. లోపలి ధ్రువాలు కూడా కలవాలి. వెలిగి ఆరిపోయే మానిటర్ కొన్నిసార్లు బ్రైట్‌నెస్ బాగా తగ్గిస్తే నిలబడుతుంది. రిపేరు దాకా పని నడుపుకోవడానికి అది చాలు.

షాపుకు తీసుకెళ్తే టార్చి పరీక్షలో ఏం కనబడిందో ముందే చెప్పండి. పవర్ బోర్డా, బ్యాక్‌లైట్ డ్రైవరా, ఎల్‌ఈడీ పట్టీయా అని విడివిడిగా అడగండి. పట్టీ మార్చాలంటే ప్యానెల్ పొరలన్నీ విప్పాలి, దుమ్ము చేరితే తెరలో మచ్చలు మిగులుతాయి. చిన్న మానిటర్‌కు అంత శ్రమ గిట్టదు. పాత ట్యూబు మానిటర్‌ను పారేయాల్సి వస్తే పాత సామాన్ల బండికి వేయకండి. ఆ ట్యూబుల్లో పాదరసం ఉంటుంది, పగలగొట్టేవాడే పీలుస్తాడు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం ఇలాంటివి నమోదైన రీసైక్లర్లకు చేరాలి. కొత్తది కొంటున్న షాపులోనే పాతదాన్ని తీసుకుంటారేమో అడిగి చూడండి.