నీళ్లు చూపిన బాటల్లో... పాకాల చుట్టూ

పాకాల చుట్టుపక్కల పల్లెల్లో ఆయాసం లేకుండా నడవాలనుకునేవాళ్లు ఒక్క గుర్తు పెట్టుకుంటే చాలు. నీళ్లు ఎటు పారితే అటు నడవండి. ఇది గుట్టల నడుమ ఉన్న నేల. తలెత్తితే ఏదో ఒక దిక్కున కొండ కనిపిస్తూనే ఉంటుంది. అయినా ఒక్క కొండా ఎక్కకుండా పొద్దంతా తిరగొచ్చు. చెరువు కట్టలు, కాలవ గట్లు, వంక ఒడ్లు, మామిడి తోపుల మధ్య బండి బాటలు... అన్నీ మట్టంగా సాగేవే. వాన నీళ్లు చెరువు చేరేట్టు వెనకటివాళ్లు వాలు చూసి కాలవలు తవ్వారు. వాటి వెంబడే మనుషులకూ పశువులకూ దారి పడింది.

తిరుపతి నుంచి కాట్పాడి వైపు రైలెక్కితే సుమారు 40 కిలోమీటర్లకు పాకాల జంక్షన్ వస్తుంది. 1890ల మొదట్లో ఇక్కడి నుంచి పీలేరు, మదనపల్లె, కదిరి మీదుగా ధర్మవరానికి మీటర్‌గేజి బండి నడిచింది. ఇప్పుడదంతా బ్రాడ్‌గేజి. ఆవిరి ఇంజను నిటారు వాలు ఎక్కలేదు. అందుకే ఆనాటి ఇంజనీర్లు కూడా కొండల మధ్య పల్లం వెతుక్కుంటూ పట్టాలు పరిచారు. నడకకు వచ్చినవాళ్లు పట్టాల మీద మాత్రం అడుగు పెట్టొద్దు. అది ప్రమాదం, చట్టం ప్రకారం నేరం కూడా.

స్వర్ణముఖి పుట్టేది ఈ కొండల్లోనే. శ్రీకాళహస్తి గుడి పక్కన వెడల్పాటి ఇసుక ఏరుగా కనిపించే నది, పాకాల దగ్గరి కొండల్లో దాదాపు 300 మీటర్ల ఎత్తున చిన్న చిన్న వంకలుగా మొదలవుతుంది. చంద్రగిరి, తిరుచానూరు, శ్రీకాళహస్తి దాటి, మొత్తం 130 కిలోమీటర్లు పారి బంగాళాఖాతంలో కలుస్తుంది. మొదట్లో దాన్ని చూసి ఇది నది అని ఎవరూ అనుకోరు. ఏడాదిలో ఎక్కువ నెలలు రాళ్లు, ఇసుక, ఒడ్డున కానగ చెట్లు, అంతే. వాన గట్టిగా పట్టిందా, అప్పుడు తెలుస్తుంది దాని బలం. 2021 నవంబరులో కురిసిన వానలకు స్వర్ణముఖి ఒడ్లు దాటి పొర్లింది. తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్ట ఎక్కడ తెగుతుందోనని ఊళ్లకు ఊళ్లే ఖాళీ చేయించారు. వంకల్ని పూడ్చి ప్లాట్లు వేసిన చోట్లను నీళ్లు మళ్లీ తడుముకుంటూ వచ్చాయి. వంక ఒడ్డున నడిచినవాడికి ఆ వంక ఎంత వెడల్పు ఉండాలో కాళ్లే చెబుతాయి. ఆ తెలివి ఊళ్లో నలుగురికి ఉన్నా అక్కడ ఇల్లు కట్టనివ్వరు.

నడకలన్నిటిలోకీ నాకు ఇష్టమైనది చెరువు కట్ట మీది నడక. ఎక్కడం, దిగడం ఉండదు. ఓ పక్క నీళ్లు, ఓ పక్క ఆయకట్టు కయ్యలు. నీళ్ల వైపు అలల తాకిడికి కట్ట కోసుకుపోకుండా రాళ్లు పేర్చి ఉంటాయి. సగం దూరం పోయాక తూము దగ్గర ఆగండి. పాత తూమైతే నీళ్లలో రెండు రాతి స్తంభాలు నిలబడి ఉంటాయి. వాటి నడుమ అడ్డంగా రాతి పలకలు, పలకల మధ్యలో చిల్లు. ఆ చిల్లుల గుండా పొడుగాటి కట్టె కిందికి దిగుతుంది. కట్టె చివర బిరడా. కట్టెను పైకి లాగితే అడుగున రంధ్రం తెరుచుకుని నీళ్లు కాలవలో పడతాయి, కిందికి దించితే ఆగిపోతాయి. ఎన్ని కయ్యలకు ఎంతసేపు నీళ్లు వదలాలో లెక్క చూసే నీరుగంటి, ఒకప్పుడు ఊరంతటికీ కావలసిన మనిషి. బోర్లు వచ్చాక ఆ పని పలచబడింది. చాలా ఊళ్లలో తూము ఉంది, తూము దగ్గరికి పోయే మనిషే లేడు.

కట్ట చివర మొరవ ఉంటుంది. చెరువు నిండితే మిగులు నీళ్లు దాని మీదుగా దూకి కింది చెరువుకు పోతాయి. ఈ ప్రాంతంలో చెరువులు ఇలా గొలుసుకట్టుగా ఉంటాయి కాబట్టి, ఒక మొరవ దగ్గర వాలు పట్టుకుంటే పల్లె దాటి పల్లెకు కాలినడకన పోవచ్చు. నీళ్లున్న రోజుల్లో కట్ట మీద మెల్లగా నడిస్తే నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటూ, బుడుబుంగలు మునిగి తేలుతూ కనిపిస్తాయి. తోపుల్లో నెమళ్లకైతే లెక్కే లేదు.

దామలచెరువు దారి పడితే నడక మామిడి నీడలోకి మారుతుంది. దామలచెరువు మామిడి మార్కెట్టు పేరు చుట్టుపక్కల జిల్లాలన్నిటా తెలుసు. బేనీషా, ఖాదర్, నీలం, అన్నిటికంటే ఎక్కువగా తోతాపురి. తోతాపురి గుజ్జు ఫ్యాక్టరీలకు పోయే కాయ. చెట్టు నిండా కాసినంత మాత్రాన రైతు చేతి నిండా డబ్బు రాదు. 2025 వేసవిలో ధర పడిపోతే, ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలిచ్చేట్టూ, ప్రభుత్వం మరో 4 కలిపి 12 చేసేట్టూ నిర్ణయించాల్సి వచ్చింది. కాయ దించే రోజుల్లో ఈ దారిన నడిస్తే ఫ్యాక్టరీల ముందు వరస కట్టిన ట్రాక్టర్లు చూడొచ్చు. డిసెంబరు, జనవరిల్లో వస్తే పూత వాసన. రెండూ చూసినవాళ్లకు మామిడికాయ మీద గౌరవం పెరుగుతుంది.

ఈ నేల మీద నెత్తురూ పారింది. 1740 మే 20న దామలచెరువు కనుమలో మరాఠా సేనాని రఘోజీ భోంస్లే సేనలతో జరిగిన యుద్ధంలో ఆర్కాటు నవాబు దోస్త్ అలీ ఖాన్, ఆయన కొడుకు హసన్ అలీ చనిపోయారు. ఆర్కాటు నవాబుల రాజ్యం తలకిందులైపోవడం అక్కడి నుంచే మొదలైంది. కొండల మధ్య ఆ సందు చూస్తే, పైనుంచి దిగే సేన ఇటే ఎందుకు రావాలో, అడ్డుకునేవాడు ఇక్కడే ఎందుకు కాచుకోవాలో పుస్తకం లేకుండానే అర్థమవుతుంది.

నన్ను ఈ దారులకు మొదట పంపింది మాత్రం కథలు. మధురాంతకం రాజారాం 1930లో మొగరాలలో పుట్టారు. బడిపంతులుగా పనిచేశారు. దామలచెరువులో స్థిరపడ్డారు. 1993లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. 1999లో కన్నుమూశారు. ఆయన కథల్లో మనుషులు ఊరికే కూర్చోరు. సంతకు పోతుంటారు, బడికి నడుస్తుంటారు, బస్సు తప్పిపోయి పొలాలకు అడ్డం పడుతుంటారు. దారిలో కలిసిన మనిషితో మాట కలిపితేనే కథ మొదలవుతుంది. ఈ పల్లెల్లో ఇప్పటికీ కొత్త మనిషి కనిపిస్తే "ఏమన్నా, యాడికి పోతా ఉండారు?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు నిలబడి జవాబివ్వండి. వాళ్ల నుంచి తిరిగి వచ్చే మాటలో దారి ఉంటుంది, మజ్జిగ కూడా ఉండొచ్చు. రాజారాం కుమారుడు మధురాంతకం నరేంద్రకు కూడా 'మనోధర్మపరాగం' నవలకు 2022లో అదే పురస్కారం వచ్చింది. తండ్రీ కొడుకులిద్దరికీ అకాడమీ పురస్కారం తెచ్చిన పల్లెబాటలు ఎన్నున్నాయి?

గాదంకి వైపు పోతే జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. 1024 యాంటెన్నాలను నేల మీద పరిచి, పైన వీచే గాలుల్ని కొలిచే పెద్ద రాడార్ అందులో ఉంది. చుట్టూ గుట్టలుండటం ఇక్కడ కలిసొచ్చింది, బయటి రేడియో రొద అంతగా చొరబడదు. లోపలికి అనుమతి ఉంటేనే పోవాలి.

కార్తీకం నుంచి మాఘం దాకా నడకకు మంచి కాలం. పొద్దున ఆరింటికి బయల్దేరితే ఎండ ముదిరేలోగా తిరిగి రావొచ్చు. ఆ రోజుల్లోనే అనపకాయలు దిగుతాయి. గింజలు రాత్రి నానేసి, పొద్దున ఒక్కొక్కటీ రెండు వేళ్ల మధ్య పట్టి పితికితే తొక్క ఊడి పప్పు బయటికి జారుతుంది. ఆ పితికిన పప్పు కూర, వేడి రాగిసంకటి... నడిచొచ్చిన ఆకలికి ఇంతకంటే ఏం కావాలి? ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. ఇటీవల పులిచెర్ల, చంద్రగిరి మండలాల పొలాల్లోకి ఏనుగులు వస్తున్నాయి. ప్రాణాలూ పోయాయి. కొండ వార తోపుల్లోకి పోయే ముందు ఊళ్లో అడగండి. వద్దంటే వెనక్కి తిరగండి. తెల్లారకముందు, చీకటి పడ్డాక అటు పోవద్దు.

ఎంత చెప్పుకున్నా, ఈ దారులు మిగిలితేనే నడక. ఇంగ్లండులో కాలిబాటల కోసం జనం పోరాడారు. 1932 ఏప్రిల్ 24న కిండర్ స్కౌట్ కొండ మీదికి వందలమంది అనుమతి లేకుండా నడిచి కొందరు జైలుకు పోయారు. 1949 చట్టంతో అక్కడి కాలిబాటల్ని పటాల్లో ఎక్కించడం మొదలైంది. మనకు డొంకలున్నాయి, బండి బాటలున్నాయి, గ్రామ పటాల్లో వాటికి గీతలూ ఉన్నాయి. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ప్రకారం, ప్రైవేటు భూమిలో కూడా 20 ఏళ్లు అడ్డూ ఆపూ లేకుండా, బహిరంగంగా, హక్కుగా నడిచిన దారి మీద హక్కు ఏర్పడుతుంది. కానీ నడవడం మానేసిన డొంకలోకి ముందు ముళ్లకంప వస్తుంది, ఆ తర్వాత రాతి కూసాలు, ఫెన్సింగ్. రాష్ట్రంలో 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వే ఊళ్ల పటాల్ని కొత్తగా గీస్తోంది. అందుకే ఇప్పుడే చూసుకోవాలి. మీరు నడిచిన డొంక ఎక్కడ మూసుకుపోయిందో అక్కడి సర్వే నంబరు కనుక్కోండి. గ్రామ సర్వేయరును అడిగి పటంలో గీత ఉందో లేదో చూడండి. గీత ఉండి దారి లేకపోతే అర్జీ రాయండి. కలెక్టరేట్లో సోమవారం సోమవారం అర్జీలు తీసుకుంటారు.