పులి ఫోటో వెనుక ఎవరున్నారు?

అడవి జంతువుల ఫోటోలనగానే లక్షల రూపాయల కెమెరా, బారెడు లెన్సు, జీపు గుర్తుకొస్తాయి. అది డబ్బున్నవాళ్ల సరదా అని మన హాస్టల్ తమ్ముళ్లు అంటుంటారు. జంతుశాస్త్రంలో పీజీ చదువుతున్న మేము చెప్పేదేమిటంటే, మన దేశంలో పులుల లెక్కకు పనికొచ్చే ఫోటోలు తీసేది చెట్టుకు కట్టి వదిలేసిన చిన్న డబ్బాలు. వాటినే కెమెరా ట్రాప్ అంటారు. పేరులో ట్రాప్ ఉన్నా అందులో జంతువు చిక్కదు, దాని బొమ్మే చిక్కుతుంది.

ఈ ఆలోచన పాతదే. 1920లలో ఎఫ్. డబ్ల్యూ. ఛాంపియన్ అనే అటవీ అధికారి ఉత్తర భారత అడవుల్లో దారికడ్డంగా సన్నని తీగ కట్టి, పులి కాలు తగలగానే ఫ్లాష్ వెలిగేలా చేసి రాత్రిపూట ఫోటోలు తీశాడు. పులిని తుపాకీతో కొట్టడమే గొప్ప అనుకునే కాలమది! ఇప్పుడు తీగ బదులు సెన్సార్ ఉంటుంది. పరిసరాల వేడికి తేడాగా ఉన్న ఒంటి వేడి ఎదురుగా కదిలితే అది పసిగడుతుంది. మండువేసవిలో నేల కూడా జంతువు ఒళ్లంత వేడెక్కితే ఒక్కోసారి మోసపోతుంది.

కట్టడంలోనే ఉంది అసలు విద్య. నేల నుంచి సుమారు అడుగున్నర ఎత్తులో, దారికి రెండు పక్కలా రెండు కెమెరాలు కట్టాలి. మన వేలిముద్రల్లాగే ఏ రెండు పులుల చారలూ ఒకటి కావు. అంతేకాదు, ఒకే పులికి కుడి పక్క చారలు వేరు, ఎడమ పక్క చారలు వేరు. ఒక్క పక్కే తీస్తే ఒక పులి రెండుగా లెక్కకొచ్చే ప్రమాదముంది. ముందున్న గడ్డి కొయ్యకపోతే గాలికి ఊగినప్పుడల్లా కెమెరా పనిచేసి, కార్డు నిండా గడ్డి ఫోటోలే వస్తాయి.

ఇంతకుముందు అడుగుజాడలను బట్టి పులులను లెక్కపెట్టేవారు. కాగితాల మీద పులులున్న సరిస్కాలో ఒక్కటీ మిగల్లేదని 2005లో తేలాక ఆ పద్ధతి పోయింది. 2018 లెక్కల్లో 26,838 చోట్ల కెమెరాలు కట్టారు. సుమారు 3 కోట్ల 48 లక్షల ఫోటోలు వస్తే వాటిలో పులులవి 76,651. అంటే వెయ్యికి రెండో మూడో.

ఇంత అడవిలో ఏ చెట్టుకు కట్టాలి? కెమెరాతో వచ్చే పుస్తకంలో ఆ సంగతి ఉండదు. పులి ముళ్లపొదల్లో కంటే బండిదారిలో, ఎండిన వాగు ఇసుకలో నడవడానికే ఇష్టపడుతుంది. ఇసుకలో అడుగు, బెరడు మీద గోళ్ల గీతలు చూసి దాని దారి చెప్పగలిగేది ఆ అడవిలో పెరిగినవాళ్లే. నల్లమలలో చెంచులు అటవీశాఖ బేస్ క్యాంపుల్లో వాచర్లుగా పనిచేస్తున్నారు. పత్రికల్లో పులి ఫోటో కింద వాళ్ల పేర్లు మాకెప్పుడూ కనబడలేదు. మా ఇళ్లలో డిగ్రీ చదివిన మొదటివాళ్లం మేమే. అయినా వాళ్ల చదువు కంటే మాది పెద్దదని అనలేం.

ఇంకో సంగతి. పులికీ మనిషికీ తేడా ఆ డబ్బాకు తెలియదు. కట్టెలకు వెళ్లిన అమ్మ ఎదురుగా నడిచినా ఫోటో తీస్తుంది. ఉత్తరాఖండ్‌లోని కార్బెట్ అడవి చుట్టుపక్కల ఊళ్లలో జరిగిన ఒక పరిశోధన 2024లో వెలువడింది. ఎవరో చూస్తున్నారన్న బెరుకుతో అక్కడి ఆడవాళ్లు అడవిలో పాడుకోవడం, గట్టిగా మాట్లాడుకోవడం తగ్గించారని అందులో ఉంది. ఆ పాటలు కాలక్షేపానికి పాడేవి మాత్రమే కావు, జంతువులు అలికిడి విని తప్పుకుంటాయని పాడేవి. కెమెరాలు కట్టే ముందు ఊరివాళ్లకు చెప్పాలని, మనుషుల ఫోటోలు వస్తే ఎవరికీ చూపకుండా చెరిపెయ్యాలని మేమంటాం.