జానెడు ఇత్తడి ఇంజను

రైలింజనును ఎనభైయేడో వంతుకు కుదిస్తే ఎంతవుతుంది? కాగితం, పెన్సిలు తీసుకుని మీరే లెక్క చూడవచ్చు. మన దేశంలో మీటరు గేజి పట్టాల మీద పాసింజరు బళ్ళను లాగిన ‘వైపీ’ అనే ఆవిరి ఇంజను వుండేది. బొగ్గూ నీళ్ళూ మోసే వెనక పెట్టెతో, అంటే టెండరుతో, కలిపి దాని పొడవు సుమారు 19 మీటర్లు. 87తో భాగించండి. ఇంచుమించు 22 సెంటీమీటర్లు వస్తుంది. పెద్దవాళ్ళ చేతికి ఒక జానెడు! నాలుగున్నర అడుగుల ఎత్తున్న దాని పెద్ద చక్రం కోటు గుండీ అంత అవుతుంది. దాన్ని నడిపే డ్రైవరు రెండు సెంటీమీటర్ల మనిషి. సగం శనక్కాయంత వుంటాడు.

ఈ 87 ఎక్కడినించి వచ్చిందని మీరడగవచ్చు. ఒకప్పుడు ఇంగ్లండులో అసలు రైలులో ఒక అడుగుకు 7 మిల్లీమీటర్ల చొప్పున నమూనా రైళ్ళు చేసేవారు. వాటికి గదంతా చాలేది కాదు. అందుచేత కొలతను సగానికి తగ్గించి అడుగుకు మూడున్నర మిల్లీమీటర్లు చేశారు. అడుగులో 304.8 మిల్లీమీటర్లుంటాయి గదా, దాన్ని మూడున్నరతో భాగించి చూడండి.

బత్తలపల్లె పిల్లలకు దగ్గరి పెద్ద స్టేషను ధర్మవరం. అక్కడినించి ముదిగుబ్బ, కదిరి మీదుగా పాకాల పోయే దారి పందొమ్మిదో శతాబ్దం చివర మీటరు గేజిగా పడింది. అంటే రెండు పట్టాల మధ్య దూరం సరిగా ఒక మీటరు. 2010లో ఆ దారి అంతా బ్రాడ్ గేజి అయిపోయింది. ఆవిరి ఇంజన్లు అంతకు ముందే పోయాయి. నీలగిరి, డార్జిలింగ్ కొండరైళ్ళను మినహాయిస్తే, అవి రోజువారీ రైళ్ళను లాగటం దేశమంతటా 1990ల్లోనే ముగిసింది. ఇప్పుడు కదిరి బండి ఎక్కే కుర్రవాడికి మీటరు గేజి ఇంజను ఎలా వుండేదో చూపాలంటే ఫోటోయో, మ్యూజియమో, నమూనాయో కావాలి. ఆ నమూనా అబద్ధం చెప్పకూడదు. అందుకోసమే కొందరు పెద్దవాళ్ళు భూతద్దం కళ్ళకు తగిలించుకుని, ఏళ్ళ తరబడి ఒక్కొక్క ఇత్తడి ఇంజనుతో కుస్తీ పడతారు.

ఇత్తడే ఎందుకు? ప్లాస్టిక్కు బొమ్మకు ఉక్కు అచ్చు చెయ్యాలి. దాని ఖరీదు రావాలంటే వేలకొద్దీ అమ్మాలి. కొద్ది వందలు చాలుననుకుంటే ఇత్తడి రేకు కోసి, వంచి, చేత్తో అతకటమే మేలు. ఇత్తడి అంటే రాగీ తుత్తునాగమూ కలిసిన లోహం. అది మెత్తగా తెగుతుంది, ఇనుములా తుప్పు పట్టదు, మాటు చక్కగా పడుతుంది. రెండవ ప్రపంచయుద్ధం తరవాత జపానులోని చిన్న చిన్న పనిశాలలు ఇలా ఇంజన్లు చేసి అమెరికాకు పంపాయి. టోక్యోలోని టెన్షోడో వాటిలో బాగా పేరుపడింది. జపానులో కూలి పెరిగాక ఈ పని చాలావరకు దక్షిణ కొరియాకు తరలింది.

ఆ పాత నమూనాలు అందంగానే వుంటాయి. కాని వాటిలో ఒక చిక్కుంది. వందలకొద్దీ ఒకే తీరున చేశారు. నిజమైన ఇంజన్లు అలా వుండవు. వైపీ ఇంజన్లు మొత్తం 871 తయారైనాయి. 1949లో మొదటి ఇరవై అమెరికాలోని బాల్డ్విన్ కంపెనీనించి వచ్చాయి. ఎక్కువభాగం జంషెడ్‌పూర్‌లో టెల్కో కర్మాగారంలో, 1970 దాకా తయారైనాయి. ఒకే రకం ఇంజన్లయినా షెడ్డుకు వెళ్ళి వచ్చినప్పుడల్లా ఒకదానికి దీపం మారుతుంది, ఇంకొకదానికి గొట్టం మారుతుంది. ఒకే బడిలో చదివే పిల్లల చొక్కాల్లాగే! అందుచేత పనిమంతుడు ముందుగా వేసుకునే ప్రశ్న ‘ఏ ఇంజను?’ అని కాదు, ‘ఎన్నో నంబరు ఇంజను, ఏ సంవత్సరంలో?’ అని. ఫోటోలు దొరికేదాకా సుత్తీ కత్తెరా ముట్టడు.

తరవాత నమూనాను మర సీలలు విప్పి విడదీస్తాడు. పాత లక్కపూత తీసేస్తాడు. లావుగా వున్న చేతికడ్డీలను వూడదీస్తాడు. అసలు కడ్డీ మందం 32 మిల్లీమీటర్లనుకోండి, నమూనాలో 0.37 మిల్లీమీటరు వుండాలి. అంత సన్నని తీగను, అంతకన్న కొంచెమే పెద్ద రంధ్రంలోకి దూర్చాలి!

అసలు కష్టం అతకటంలో వుంది. ఇత్తడి బిందెకు మాటు వెయ్యటం మీరు చూచి వుండకపోతే మీ అవ్వను అడగండి. తగరమూ సీసమూ కలిపిన మాటులోహం సుమారు 180 డిగ్రీల వేడికి కరుగుతుంది. ఇత్తడి కరగాలంటే 900 డిగ్రీలు దాటాలి. అందువల్ల బిందెకు హాని లేకుండా మాటు పడుతుంది. కళాయి వేసేవాడు నవాసారం చల్లినట్టే, ఇక్కడా మురికి పొర పోగొట్టే మందు రాస్తారు; అది లేకపోతే మాటు ముత్యంలా దొర్లిపోతుంది. అయితే ఇంజను బాయిలరు మీద ఇరవై ముక్కలు పక్కపక్కనే అతకాలి. ఇరవయ్యోది అతికేటప్పుడు ఆ వేడికి పందొమ్మిదోది వూడిపడితే? ఇత్తడిలో వేడి వేగంగా పాకుతుంది మరి! దీనికి రెండు ఉపాయాలున్నాయి. ముందుగా అతికిన ముక్కల మీద తడిగుడ్డ కప్పుతారు. నీరు ఆ వేడిని తాగేస్తుంది. లేదా మొదట 220 డిగ్రీలకు కరిగే మాటు వాడి, తరవాతి ముక్కలకు 180ది, ఆఖరి వాటికి 145ది వాడతారు. ఈ పని పెద్దవాళ్ళు పక్కన లేకుండా చెయ్యకండి. సీసం పొగ మంచిది కాదు.

ఈల, గంట, ఆవిరి పంపు వంటి గుండ్రని ముక్కలను రేకుతో చెయ్యటం కుదరదు. వాటిని మైనపు పోతతో చేస్తారు. మైనంతో ముక్క చేసి, దానిచుట్టూ మట్టివంటి పదార్థం పోసి, కాలిస్తే మైనం కరిగిపోతుంది. ఆ ఖాళీలో కరిగిన ఇత్తడి పోస్తారు. అమెరికాలో కెమ్‌ట్రాన్ అనే సంస్థ ఇలాటి ముక్కలకు పేరుపొందింది. కాని ఈ విద్య మనకు కొత్త కాదు. తెలంగాణలో ఆదిలాబాదు ప్రాంతపు ఓజులు తరతరాలుగా డోక్రా బొమ్మలు పోస్తున్నది ఈ పద్ధతిలోనే. 2018లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. బియ్యపుగింజంత ఈలకూ, గోండుగూడెంలోని దేవతామూర్తికీ విద్య ఒక్కటే!

ఇన్ని ముక్కలు అతికాక ఇంజను కదలకపోవచ్చు. ఎందుకంటే రెండు పట్టాల్లో విద్యుత్తు ఒకదానినించి వచ్చి రెండోదానిలోకి పోవాలి. పాత ఇత్తడి నమూనాల్లో ఇంజను ఒక పట్టానించీ, టెండరు రెండో పట్టానించీ కరెంటు తీసుకుంటాయి. అవతలి వైపు చక్రాలను ఇత్తడికి తగలకుండా వేరుచేసి వుంచుతారు. కొత్తగా అతికిన మెట్టు ఒక వెంట్రుక మందం పక్కకు వంగి ఆ చక్రాన్ని తాకిందా, నిప్పురవ్వ లేచి ఇంజను ఆగిపోతుంది. గురగురలాడే పాత మోటారును తీసి, చిన్న డబ్బావంటి నిశ్శబ్దమైన మోటారు పెట్టటం కూడా ఇప్పుడే.

బరువు సంగతి ఇంకా వింత. పొడవును 87తో భాగించాం. బరువును మాత్రం 87ను మూడుసార్లు గుణించగా వచ్చిన 6,58,503తో భాగించాలి. 100 టన్నుల ఇంజను 152 గ్రాములే అవుతుంది! అంత తేలికైతే చక్రాలు పట్టాల మీద జారతాయి. అందుకని బాయిలరులో సీసపుముక్కలు దాస్తారు. ఈ ఒక్క అబద్ధం క్షమించవచ్చు.

చివరికి రంగు. నన్నడిగితే, తళతళలాడే కొత్త ఇంజనుకన్న పనిచేసి అలిసిన ఇంజనే చూడముచ్చటగా వుంటుంది. మన బావినీళ్ళు కాచిన గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతుందే, చూశారా? ఇంజను కూడా నీళ్ళు కాచే పాత్రే. అటువంటి నీళ్ళు తాగిన ఇంజనుకు కీళ్ళలోనించి కారిన చోటల్లా తెల్లని చారలు పడతాయి. అనంతపురం సీమలో తిరిగిన ఇంజను నమూనాకు ఆ తెల్లచారలు వెయ్యాలి. చక్రాల దగ్గర ఎర్రదుమ్ము అద్దాలి. మంచినీళ్ళున్న చోట తిరిగిన ఇంజనుకు ఇవే చారలు వేస్తే తప్పు!

ఆవిరి ఇంజన్లను దగ్గరగా చూడాలంటే మైసూరులో 1979లో పెట్టిన రైల్వే మ్యూజియం వుంది. కాగితం, కొలతటేపు తీసుకుపోండి. ముట్టుకునే ముందు అక్కడివాళ్ళను అడగండి. ఇంట్లో గాని, ధర్మవరంలోనో గుంతకల్లులోనో రైల్వేలో పనిచేసిన తాతల దగ్గర గాని పాత ఇంజను ఫోటో వుంటే, వెనక్కి తిప్పి తేదీ రాసివుందేమో చూడండి. లేకపోతే తాతగారినడిగి పెన్సిలుతో మీరే రాయండి. ఇంజను నంబరు కనిపిస్తే అదీ రాయండి.