లారీ టర్బోతో మోటారు సైకిలు

విజయవాడ ఆటోనగర్ పేరు వినని వారు కృష్ణా డెల్టాలో అరుదు. 1960లలో ఏర్పడిన ఈ పేటలో లారీ బాడీలు కట్టేవారు, ఇంజన్లు విప్పి బిగించేవారు, లేతు పనివారు, వెల్డింగు పనివారు వేల సంఖ్యలో ఉంటారు. అక్కడికి వచ్చే లారీలను ఎప్పుడైనా శ్రద్ధగా విన్నారా? ధాన్యం బస్తాలతో వంతెన ఎక్కే లారీలో ఇంజను మోతతో పాటు సన్నని ఈల ఒకటి వినిపిస్తుంది. ఆ ఈల వేసేది టర్బోచార్జరు. మెకానిక్కులు క్లుప్తంగా ‘టర్బో’ అంటారు.

చూడటానికి రెండు నత్తగుల్లలను వీపులు ఆనించి బిగించినట్లుండే ఈ పరికరం గొప్ప విచిత్రం చేయగలదు. ఇంగ్లండు, స్వీడన్, అమెరికా వంటి దేశాల్లో కొందరు ఔత్సాహికులు పాత లారీ టర్బోను ఇంటి వర్కుషాపులోనే చిన్న జెట్ ఇంజనుగా మార్చారు. కొందరు అటువంటి ఇంజనును మోటారు సైకిలుకు బిగించి నడిపారు కూడా. అందులో పిస్టను లేదు, వాల్వులు లేవు. విమానం కూత మాత్రం ఉంది!

ఇది ఎలా సాధ్యం? ఇంట్లో చేయగలిగినదే అయితే మన రోడ్ల మీద టర్బైను బళ్లు ఎందుకు లేవు? రండి, తెలుసుకుందాం.

తిత్తిని నిప్పే ఆడిస్తే?

ముందు టర్బో చేసే పని చూద్దాం. ఒకే ఇరుసుకు రెండు చివర్లా రెండు చిన్న రెక్కల చక్రాలుంటాయి. ఇంజను వదిలే వేడి పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. ఇది టర్బైను. దానితో పాటే రెండో చక్రం తిరిగి, బయటి గాలిని పీల్చి, నొక్కి ఇంజనులోకి పంపుతుంది. ఇది కంప్రెసరు. గాలి ఎక్కువ అందితే ఎక్కువ డీజిలు మండించవచ్చు. లారీకి బలం పెరుగుతుంది. వృథాగా పోయే పొగ చేత పని చేయించే ఈ ఉపాయానికి స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి 1905లోనే పేటెంటు పొందాడు.

ఇప్పుడు లారీ ఇంజనును తీసేద్దాం, ఊహలోనే సుమా! దాని స్థానంలో, కంప్రెసరుకూ టర్బైనుకూ మధ్య ఒక ఉక్కు గొట్టం పెట్టి, అందులో కిరసనాయిలును సన్నని తుంపరగా చల్లి మండించామనుకోండి. వేడెక్కి వ్యాకోచించిన వాయువులు టర్బైనును తిప్పుతాయి. టర్బైను కంప్రెసరును తిప్పుతుంది. కంప్రెసరు మంటకు మళ్లీ గాలి పంపుతుంది.

కమ్మరి కొలిమిని గుర్తు తెచ్చుకోండి. తిత్తి ఊదితే నిప్పు రాజుకుంటుంది. కాని తిత్తిని ఎవరో ఒకరు ఆడించాలి. ఆ నిప్పే తిత్తిని ఆడిస్తే? అదే గ్యాస్ టర్బైను! మొదట మాత్రం బయటి నుంచి గాలి ఊది చక్రాలను తిప్పాలి. ఒక వేగం దాటాక ఆ సాయం అక్కరలేదు. అయితే టర్బైను పుట్టించే శక్తిలో సుమారు మూడింట రెండు వంతులు కంప్రెసరుకే ఖర్చవుతుంది. మనకు దక్కేది మిగిలినదే.

మంటకు కళ్లెం

గొట్టంలో మంట పెట్టడం కష్టం కాదు. దాన్ని అదుపులో ఉంచడమే కష్టం. ఒక కిలో కిరసనాయిలు పూర్తిగా మండడానికి సుమారు 15 కిలోల గాలి కావాలి. సరిగ్గా అంతే గాలిలో మండితే ఉష్ణోగ్రత 2000 సెంటీగ్రేడు డిగ్రీల దాకా పోతుంది. టర్బైను చక్రం నికెలు మిశ్రలోహంతో చేసినదైనా, దాని ఓపిక 1000 డిగ్రీల లోపే. అందుకే మంట గొట్టం లోపల చిల్లులున్న మరో గొట్టం అమరుస్తారు. మొదటి చిల్లుల గుండా వచ్చే కొద్ది గాలి ఇంధనాన్ని మండిస్తుంది. ఆ తరువాతి చిల్లుల గుండా వచ్చే ఎక్కువ గాలి, మండిన వాయువులతో కలిసి వాటిని చల్లబరుస్తుంది. ఈ చిల్లుల లెక్క తప్పితే మంట ఆరిపోతుంది, లేదా చక్రం పాడవుతుంది.

జెట్ ఇంజనును రూపొందించిన వారిలో ఒకడైన ఫ్రాంక్ విటిల్‌కు కూడా మంట అంత సులువుగా లొంగలేదు. 1937 ఏప్రిల్ 12న ఇంగ్లండులోని రగ్బీ పట్టణంలో ఆయన తన తొలి ఇంజనును నడిపాడు. అది ఉన్నట్టుండి వేగం పెంచుకుంటూ పోయింది. ఇంధనం కట్టేసినా ఆగలేదు! ముందే కారి లోపల మడుగు కట్టిన ఇంధనం మండుతూ దాన్ని పరుగెత్తించింది. తరువాత ఆ ఇంధనం బయటికి పోయే దారి ఏర్పాటు చేయాల్సి వచ్చింది.

ఒక గ్రాము, అయిదు బస్తాలు

ఇబ్రహీంపట్నం థర్మల్ విద్యుత్ కేంద్రంలోని పెద్ద ఆవిరి టర్బైనులు నిమిషానికి 3,000 సార్లు తిరుగుతాయి. అరచేతిలో ఇమిడే టర్బో చక్రమో? నిమిషానికి సుమారు 1,00,000 సార్లు!

కాగితం, పెన్సిలు తీసుకోండి. చక్రం వ్యాసం 7.5 సెంటీమీటర్లు అనుకుంటే చుట్టుకొలత సుమారు 23.6 సెంటీమీటర్లు. సెకనుకు 1,667 చుట్లు. అంటే రెక్క కొన సెకనుకు 390 మీటర్లకు పైగా ప్రయాణిస్తుంది. గాలిలో శబ్ద వేగం సెకనుకు సుమారు 340 మీటర్లే! ఆ వేగంలో చక్రం అంచున ఉన్న ఒక్క గ్రాము లోహాన్ని చెదిరిపోకుండా పట్టి ఉంచడానికి సుమారు 420 కిలోల బరువుకు సమానమైన బలం కావాలి. 75 కిలోల ధాన్యం బస్తాలు అయిదింటికి మించిన బరువన్నమాట. చక్రం పగిలితే ఆ ముక్కలు తుపాకి గుళ్లే.

ఇంత వేగంగా తిరిగే ఇరుసు లోహానికి ఆనుకుని తిరగదు. పలుచని నూనె పొర మీద తేలుతూ తిరుగుతుంది. పంపు ఎప్పుడూ నూనె అందిస్తూ ఉండాలి. దూరం నుంచి వచ్చిన లారీ ఆగగానే డ్రైవరు ఇంజను కట్టేయకుండా కాసేపు తిరగనివ్వడం చూశారా? కారణం ఇదే. కాలుతున్న టర్బోలో నూనె ఒక్కసారిగా నిలిచిపోతే మాడి బొగ్గవుతుంది. అప్పుడు బేరింగు దెబ్బ తింటుంది.

చక్రానికి చేరేదెలా?

ఇంజను తిరిగితే చాలదు, బండి కదలాలి. ఒక పద్ధతిలో వాయువులు వెనక్కి దూసుకుపోతూ బండిని ముందుకు నెడతాయి. ఇది న్యూటన్ మూడవ సూత్రమే. రెండో పద్ధతిలో ఆ వాయువుల దారిలో ఇంకో టర్బైనును పెట్టి, గేర్ల ద్వారా వెనుక చక్రాన్ని తిప్పుతారు. మోటారు సైకిలు చక్రం చుట్టుకొలత 2 మీటర్లు అనుకుంటే, గంటకు 150 కిలోమీటర్ల వేగంలో అది నిమిషానికి 1,250 సార్లు తిరుగుతుంది. రెండో టర్బైను 40,000 సార్లు తిరిగితే, గేర్లు ఆ వేగాన్ని 32వ వంతుకు దించాలి. ఇంటి వర్కుషాపులో చాలామందికి చిక్కు పడేది ఇక్కడే.

2000 నుంచి అమెరికాలోని లూసియానాలో ఒక కంపెనీ హెలికాప్టరు కోసం చేసిన టర్బైనుతో మోటారు సైకిళ్లు తయారు చేసింది. శక్తి 320 అశ్వశక్తి! అయినా ఆ దారిలో ఎక్కువ మంది నడవలేదు. ఎందుకు? టర్బైను ఊరికే నిలిచి ఉన్నప్పుడు కూడా వేలాది చుట్లు తిరుగుతూ ఇంధనం తాగుతుంది. చిన్న టర్బైనుకు ఈ దాహం మరీ ఎక్కువ. యాక్సిలరేటరు తిప్పాక వేగం అందుకోవడానికి ఆలస్యమవుతుంది. వెనుక వచ్చేవారికి వేడి గాలి తగులుతుంది. బెంజి సర్కిల్ సిగ్నలు దగ్గర అటువంటి బండి ఆగితే ఎలా ఉంటుందో ఊహించుకోండి!

రెండు పందేలు నేర్పిన పాఠం

1967లో అమెరికాలోని ఇండియానాపోలిస్ 500 మైళ్ల పందెంలో పార్నెల్లీ జోన్స్ టర్బైను కారు నడిపాడు. మొత్తం 200 చుట్లలో 171 చుట్లు ఆయనే ముందున్నాడు. ఇంకా మూడు చుట్లే ఉన్నాయనగా కారు ఆగిపోయింది. టర్బైను చెడలేదు; గేరు పెట్టెలో ఒక చిన్న బేరింగు విరిగింది. మరుసటి ఏడు అదే పందెంలో జో లియొనార్డ్ టర్బైను కారు తొమ్మిది చుట్లు ఉందనగా, ముందుండి ఆగిపోయింది. ఈసారి విరిగింది ఇంధనపు పంపును తిప్పే ఇరుసు.

చూశారా? భగ్గున మండే ఇంజను నిలిచింది, చిన్న భాగం ఓడించింది. నూనె పంపు, బేరింగు, గేరు, చిల్లుల లెక్క... ఇవన్నీ సరిగా ఉంటేనే టర్బైను పరుగు.

అందువల్ల ఒక ముఖ్యమైన మాట. పాత టర్బో దొరికిందని ఇంట్లో మంట పెట్టే ప్రయత్నం ఎట్టి పరిస్థితిలోనూ చేయకండి. ఇంధనం, వేడి, వేగం మూడూ కలిసినచోట అనుభవజ్ఞులు కూడా ఉక్కు కవచాల వెనుక నిలబడతారు. మీకు తగిన పరీక్ష మరొకటి ఉంది.

చేసి చూడండి

అట్టముక్కతో నాలుగు రెక్కల గాలిచక్రం చేసి, గుండుసూదితో పుల్లకు గుచ్చండి. టేబులు ఫ్యాను ఎదుట, చేయి చాచినంత దూరంలో పట్టుకోండి. నున్నగా తిరుగుతుంది. ఇప్పుడు ఒక రెక్క కొనకు శనగగింజంత మట్టి ముద్ద అంటించండి. పుల్ల ఎలా వణుకుతుందో చేతికే తెలుస్తుంది. ఎదురు రెక్కకు అంతే ముద్ద అంటించండి. వణుకు తగ్గిపోతుంది. ముద్దను కొన నుంచి మధ్యకు జరిపి కూడా చూడండి. ఏం తేడా కనిపించింది? ఎందుకు?

టైరు షాపులో చక్రం అంచుకు చిన్న సీసపు ముక్కలు బిగించేది ఇందుకే. టర్బో చక్రానికైతే ముక్క అంటించరు. బరువు ఎక్కువైన చోట కాస్త లోహాన్ని అరగదీస్తారు. ఈసారి వంతెన మీద లారీ ఈల వినిపించినప్పుడు, అంత వేగంలోనూ వణకకుండా తిరుగుతున్న ఆ చిన్న చక్రాన్ని ఒక్కసారి తలచుకోండి.